హెచ్‌ఐవీ ఉన్నవారు హెపటైటిస్ బి టీకా విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

హెపటైటిస్ బి టీకా మోతాదులన్నీ పూర్తయ్యాయి కదా, ఇక భయం లేదనుకోవడం హెచ్‌ఐవీ ఉన్నవారి విషయంలో తొందరపాటే అవుతుంది. టీకాకు స్పందించి రోగనిరోధక వ్యవస్థలోని బి కణాలు ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేయాలంటే వాటికి సీడీ4 అనే తెల్ల రక్తకణాల సాయం కావాలి. హెచ్‌ఐవీ దెబ్బతీసేది ఆ కణాలనే కాబట్టి, ఇతరులకు సరిపోయే మోతాదు వీరిలో చాలామందికి చాలకపోవచ్చు.

మొదటి సూదికి ముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. టీకా వేశాక పరీక్షిస్తే, అందులో ఉండే ఉపరితల యాంటిజెన్ (హెపటైటిస్ బి వైరస్ పైపొరలోని ప్రోటీన్) కొద్ది రోజులపాటు రక్తంలో కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. ముందు చేసిన పరీక్షలోనే ఆ యాంటిజెన్ ఉన్నట్టు తేలితే మాత్రం అది ఇన్ఫెక్షనే. అప్పుడు కావలసింది టీకా కాదు, చికిత్స.

సీడీ4 సంఖ్య మైక్రోలీటరు రక్తానికి 200 కంటే తక్కువగా ఉన్నవారిలో ప్రతిరక్షకాలు బలహీనంగా పుడతాయి. హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతూ వైరల్ లోడ్‌ను (రక్తంలో వైరస్ పరిమాణాన్ని) అదుపులో ఉంచుకుంటే స్పందన మెరుగవుతుంది. అయితే సీడీ4 పెరిగేదాకా ఆగుదామని టీకాను వాయిదా వేయడం మంచిది కాదు, ఎందుకంటే ఆ వ్యవధిలోనే వైరస్ సోకవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది టీకా తర్వాతి పరీక్ష అని నా అభిప్రాయం. చివరి మోతాదు తర్వాత ఒకటి రెండు నెలలకు ఉపరితల యాంటిజెన్‌పై పుట్టిన ప్రతిరక్షకాల స్థాయిని కొలిపించాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. తగ్గితే నిరాశపడనక్కరలేదు, రెట్టింపు మోతాదుతోనో, స్పందనను పెంచే సహాయక పదార్థం కలిపిన కొత్త రకం టీకాతోనో మరో విడత వేయించుకున్నాక చాలామందిలో ప్రతిరక్షకాలు పుడతాయి. ఈ స్థాయి కాలక్రమంలో పడిపోతుంది గనుక, వైరస్ సోకే ముప్పు కొనసాగుతున్నవారు ఏడాదికోసారి పరీక్షించుకోవడం అవసరం.

రెండు వైరస్‌లూ ఉన్నవారు మరో సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. టెనోఫోవిర్ అనే మందు హెచ్‌ఐవీతోపాటు హెపటైటిస్ బి వైరస్‌నూ అణచి ఉంచుతుంది. దాన్ని హఠాత్తుగా మానేసినా, హెపటైటిస్ బి మీద పనిచేయని మందులకు మారినా ఆ వైరస్ విజృంభించి కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయవచ్చు. అందుచేత వైద్యుడు మందు మార్చే సమయంలో మీ హెపటైటిస్ బి పరీక్షల ఫలితాలను ఆయన ముందు ఉంచండి.