పక్షవాతం తరువాతి తొలి నెలలు: జ్ఞాపకశక్తి దెబ్బతిన్న జీవిత భాగస్వామికి తోడ్పడటం ఎలా

పక్షవాతం వచ్చిన మనిషి కళ్లు తెరిచి నాలుగు మాటలు మాట్లాడగానే మంచం చుట్టూ చేరిన వాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "నేనెవరో గుర్తుపట్టావా?" అందరూ ప్రేమతోనే అడుగుతారు. మా వారికి స్ట్రోక్ వచ్చిన తొలి వారంలో నేను కూడా ఈ రోజు ఏ వారమో, పొద్దున ఎవరు వచ్చి వెళ్లారో, డాక్టరుగారు ఏమన్నారో రోజుకు పదిసార్లు అడిగాను. ఒకనాటి సాయంత్రం ఆయన జవాబు కోసం చాలాసేపు వెతుక్కుని, అది దొరకక, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సు నన్ను వరండాలోకి పిలిచి, "పరీక్షలు పెట్టడానికి మేమున్నామమ్మా, మీరు జవాబులు చెప్పండి" అన్నారు. ఇలాంటి సమయంలో భార్య గానీ భర్త గానీ చేయవలసిన పనిని అంతకన్నా సూటిగా చెప్పిన మాట నేను వినలేదు.

ముందుగా ఏది దెబ్బతిన్నదో తెలుసుకోవాలి. పక్షవాతాల్లో సుమారు 85 శాతం మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల, మిగిలినవి రక్తనాళం చిట్లడం వల్ల వస్తాయి. ఏ కారణంతో వచ్చినా, నష్టం ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి మతిమరుపు తీరు మారుతుంది. సాధారణంగా మెదడు ఎడమ భాగం దెబ్బతింటే పేర్లు, మాటలు, విన్న సంగతులు నిలవడం కష్టమవుతుంది; కుడి భాగం దెబ్బతింటే దారులు, స్థలాలు, చూసిన రూపాలు తికమకపెడతాయి, కొందరికైతే తమకు ఎడమ వైపు అనేది ఒకటి ఉందన్న స్పృహే తగ్గిపోతుంది. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్‌కు గానీ థాలమస్‌కు గానీ రక్తం అందకపోయినప్పుడు, చిన్ననాటి సంగతులు పూసగుచ్చినట్లు చెప్పే మనిషే గంట క్రితం భోజనం చేసిన సంగతి మరచిపోతారు. ఇది చూసి "కావలసినవి మాత్రం బాగానే గుర్తుంటాయి" అని నొచ్చుకునే వాళ్లున్నారు. నొచ్చుకోవలసిన పని లేదు. పాత జ్ఞాపకాలు ఏళ్ల తరబడి స్థిరపడిపోయి ఉన్నాయి, కొత్తవాటిని స్థిరపరిచే చోటే గాయపడింది.

తొలి వారాల్లో మతిమరుపుగా కనబడేదానిలో చాలా భాగం నిజానికి ధ్యాస నిలవకపోవడమేనని కూడా గుర్తించాలి. విన్న మాట లోపలికి చేరనే లేదంటే అది తరువాత గుర్తుకు రావడం ఎలా? అలాగే మాట అందక తడుముకునే మనిషికి విషయం తెలిసే ఉండవచ్చు; అఫేసియాను, అంటే మెదడు దెబ్బ వల్ల మాట అందకపోవడాన్ని లేదా అర్థం కాకపోవడాన్ని, మతిమరుపుగా పొరబడితే ఇద్దరికీ బాధే మిగులుతుంది. కాబట్టి డిశ్చార్జికి ముందే న్యూరాలజిస్టును అడిగి దెబ్బ ఏ వైపు, ఏ భాగంలో తగిలిందో, మాట అర్థం కావడంలో ఇబ్బంది ఉందో లేదో, జ్ఞాపకశక్తి పరీక్షలో ఏ విభాగంలో మార్కులు తగ్గాయో రాసి పెట్టుకోండి. మోకా అనే పరీక్షను 30 మార్కులకు పెడతారు. ఇంట్లో మనకు పనికివచ్చేది మొత్తం మార్కుల కన్నా అవి ఎక్కడ పోయాయన్న వివరమే.

కొత్త సంగతులు నిలవని మనిషి ఇక దేనినైనా నేర్చుకోగలరా అన్న సందేహం నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. 1953లో హెన్రీ మోలైసన్ అనే అమెరికన్‌కు తీవ్రమైన మూర్ఛ తగ్గించడం కోసం శస్త్రచికిత్స చేసి మెదడు రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసివేశారు. ఆ తరువాత జరిగిన సంఘటనలు ఆయనకు గుర్తుండేవి కావు. అయినా బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మను దిద్దించినప్పుడు, ఆ పని మునుపు చేసినట్లు ఆయనకు ఏమాత్రం తెలియకపోయినా, మూడు రోజుల్లో చెయ్యి మాత్రం నేర్చేసుకుంది. జరిగినదాన్ని గుర్తుపెట్టుకోవడం వేరు, చేతికి అలవాటు కావడం వేరు. అందుకే ఒకే పనిని ఒకే వేళకు, ఒకే చోట, ఒకే వరుసలో రోజూ చేయించండి. లేవగానే కళ్లజోడు, తరువాత ఊతకర్ర, తరువాత బాత్రూం అన్న వరుస కొన్ని వారాలు తప్పకుండా సాగితే, గుర్తు అందించలేని సాయం అలవాటు అందిస్తుంది.

నేర్పే పద్ధతిలో అన్నిటికన్నా పట్టించుకోవలసినది, తప్పు జవాబుకు చోటివ్వకపోవడం. అలన్ బ్యాడ్లీ, బార్బరా విల్సన్ అనే పరిశోధకులు 1994లో చూపినదేమిటంటే, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారు ఊహించి చెప్పి దిద్దించుకోవడం కన్నా మొదటి నుంచీ సరైనదే విని నేర్చుకున్నప్పుడు మెరుగ్గా నేర్చుకుంటారు. ఊహించి చెప్పిన తప్పు మనసులో నాటుకుంటుంది, దాన్ని మనం దిద్దిన సంగతి మాత్రం నిలవదు. కనుక "కూర్చునే ముందు ఏం చేయాలి?" అని అడగకుండా, "కూర్చునే ముందు చక్రాల కుర్చీ బ్రేకు వేయాలి" అని ముందు మీరే చెప్పండి. వెంటనే అడగండి, చెప్పగలుగుతారు. ఒక నిమిషం ఆగి అడగండి, తరువాత రెండు నిమిషాలకు, నాలుగు నిమిషాలకు, ఎనిమిది నిమిషాలకు అడగండి. మధ్యలో తడబడితే ఆలోచించుకోమని నిలబెట్టకుండా జవాబు చెప్పేసి, సరిగ్గా చెప్పగలిగిన క్రితం వ్యవధికి వెనక్కి వెళ్లండి. ఇది చూడటానికి ప్రశ్నలు వేయడంలాగే ఉన్నా, జవాబు చేతిలో పెట్టి అడగడానికీ చీకట్లో వెతకమనడానికీ చాలా తేడా ఉంది. ఒకసారికి ఒక్క సంగతే పట్టుకోండి, అదీ రోజువారీ అవసరమైనదై ఉండాలి. ప్రధానమంత్రి పేరు గుర్తుండటం కన్నా బ్రేకు గుర్తుండటం ముఖ్యం.

మా ఇంట్లో ఎక్కువ పని చేసినది ఒక నోటు పుస్తకం. కాగితం ముక్కల మీద రాస్తే అవే పోతాయి. అందుకని ఒకే పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను, రెండూ ఆయన కుర్చీ చేతికి వేలాడుతూ ఉండేవి. ఎడమ పేజీలో ఆ రోజు జరగవలసినవి, కుడి పేజీలో జరిగినవి. "బుధవారం, ఉదయం 9. ఫిజియోథెరపీ అయింది. వరండాలో రెండుసార్లు నడిచారు. భుజం నొప్పి అన్నారు." అంతే, ఇంతకన్నా పెద్దగా రాస్తే చదవరు. ప్రతి వాక్యం పక్కన ఆయన చేతనే టిక్కు పెట్టించేదాన్ని. మొదట్లో ఆ గీతలు పేజీ దాటి పోయేవి. ఆయన ఏదైనా అడిగినప్పుడు నోటితో జవాబు చెప్పి ఊరుకోకుండా, "పుస్తకంలో చూద్దాం" అని ఇద్దరం కలిసి పేజీ తిప్పేవాళ్లం. పుస్తకం చూడటమే ఒక అలవాటుగా మారడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. ఇంకా గోడకు పెద్ద అంకెల గడియారం, తారీఖూ వారమూ రాసిన తెల్ల బోర్డు, అలమర తలుపుల మీద లోపల ఏముందో తెలిపే చీటీలు ఉంటే మరీ మంచిది. వస్తువుల చోటు మార్చకండి. కళ్లజోడు, వినికిడి యంత్రం వాడేవారైతే అవి పెట్టుకున్నారో లేదో చూసుకోండి.

అడిగిందే మళ్లీ అడగడం మనల్ని అన్నిటికన్నా అలసిపోయేలా చేస్తుంది. "నేను ఆఫీసుకు ఎందుకు వెళ్లలేదు?" అని మా వారు ఒక పూటలో ఎన్నిసార్లు అడిగేవారో లెక్క లేదు. అడిగే మనిషికి ప్రతిసారీ అది మొదటిసారే. "ఇప్పుడే కదా చెప్పాను" అన్న మాట వల్ల తెలిసేది తానేదో తప్పు చేశానన్న సంగతి ఒక్కటే. ఒకే జవాబును ఒకే మాటల్లో చెప్పండి, అదే ఒక అట్టముక్క మీద రాసి జేబులో ఉంచండి: "మీకు స్ట్రోక్ వచ్చింది. తగ్గుతోంది. ఆఫీసుకు సెలవు పెట్టాం." కొందరు జరగనివి జరిగినట్లు చెబుతారు, నిన్న అన్నయ్య వచ్చి వెళ్లాడంటారు, ఆయన వచ్చి ఉండరు. అది అబద్ధం ఆడటం కాదు, ఖాళీని మెదడు తనకు తోచినదానితో పూరించుకోవడం. వాదించకుండా "అన్నయ్యను చూడాలని ఉందా?" అని అడగండి. అయితే మందుల విషయంలో ఈ ఉదారత పనికిరాదు. "వేసుకున్నాను" అన్న మాట మీద ఆధారపడకుండా, రోజులూ పూటలూ విడిగా ఉన్న మాత్రల పెట్టెను మీరే నింపి, మీ ఎదుటే వేయించండి. వేసుకున్నారో లేదో తెలియనప్పుడు అంచనాతో మరో మాత్ర ఇవ్వకుండా డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడగండి. రక్తం పలచన చేసే మందు రెండుసార్లు పడటం ప్రమాదకరం, చెప్పకుండా మానేయడమూ అంతే ప్రమాదకరం.

గాయపడిన మెదడు త్వరగా అలసిపోతుంది, అలసిన మెదడుకు ఏదీ గుర్తుండదు. ముఖ్యమైన మాటలు, వ్యాయామాలు విశ్రాంతి తీసుకున్న తరువాత పెట్టుకుని, టీవీ ఆపేసి, ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యం చెప్పి ఆగండి. చూడటానికి వచ్చేవారిని ఒకసారికి ఇద్దరికే పరిమితం చేసి, లోపలికి వచ్చే ముందే "మీ పేరు మీరే చెప్పండి, గుర్తున్నానా అని అడగకండి" అని చెప్పండి. చెడ్డవాళ్లం అవుతామేమోనని సంకోచించకండి.

కారణం లేకుండా ఏడవడం, నవ్వు ఆపుకోలేకపోవడం పక్షవాతం తరువాత తరచుగా కనిపిస్తాయి. ఆ కన్నీళ్ల వెనుక ప్రతిసారీ దుఃఖం ఉండనక్కరలేదు. కానీ స్ట్రోక్ వచ్చిన వారిలో దాదాపు మూడింట ఒకరికి డిప్రెషన్ కూడా వస్తుంది. రెండు వారాలకు పైగా తిండి మీద, మనుషుల మీద, వ్యాయామం మీద ఆసక్తి లేకపోతే డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉంది. నిన్నటిదాకా మెరుగవుతున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో అయోమయంలో పడిపోతే దాన్ని మతిమరుపు ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్త మందు పడకపోవడం వంటివి కారణం కావచ్చు, కనుక అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఒంటి విషయంలో మూడు జాగ్రత్తలు మరువకూడదు. మింగడం సరిగ్గా ఉందని స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పేదాకా నోటితో ఏమీ ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, పొలమారినా, తిన్నాక గొంతు తడిగా గరగరలాడినా ఆపి చెప్పండి. పట్టు తప్పిన చేతిని పట్టుకుని పైకి లాగకండి, భుజం కీలు జారుతుంది. ఇక మరోసారి స్ట్రోక్ వచ్చే ముప్పు తొలి రోజుల్లో, వారాల్లో ఎక్కువ. మూతి వంకరపోవడం, ఎత్తిన చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు పోవడం, భరించలేని తలనొప్పి, వీటిలో ఏది కనబడినా వెంటనే అంబులెన్సు పిలవండి. గడ్డను కరిగించే మందును సాధారణంగా 4.5 గంటల లోపే ఇస్తారు, ఆ లెక్క మనిషి మామూలుగా ఉన్న చివరి క్షణం నుంచి మొదలవుతుంది. అది ఎప్పుడో తాను చెప్పలేని మనిషి తరఫున చెప్పవలసినది మీరే కాబట్టి గడియారం చూసి రాసుకోండి.

మెరుగుదల తొలి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు. ఆ మూడు నెలలూ ఒక్కరే మోయడం ఎవరి వల్లా కాదు. వారంలో కనీసం రెండు రాత్రులు వేరెవరైనా కాపలా ఉండి మీరు నిద్రపోయే ఏర్పాటు మొదటి వారంలోనే చేసుకోండి. నిద్రలేని మనిషి సహనం మూడో ప్రశ్నకే తెగిపోతుందని నేను అనుభవం మీద చెబుతున్నాను. బండి నడపడం, బ్యాంకు సంతకాలు వంటివి డాక్టరు సరేననేదాకా ఆపి ఉంచండి, కానీ ఇంట్లో నిర్ణయాలు మీరొక్కరే తీసుకోకండి. ఏ చొక్కా అని రెండు చూపించి అడిగితే ఎంచుకోవడం వారి పనే అవుతుంది.

తొడుక్కోవడం కూడా వారి పనే. బలహీనమైన చేతిని ముందు చొక్కాలోకి పంపడం థెరపిస్టు నేర్పారు. బొత్తాలు మాత్రం మా వారికి పన్నెండు నిమిషాలు పట్టేవి. మూడో బొత్తాం రెండో కాజాలోకి వెళ్లేది, నా చేతులు తెలియకుండానే ముందుకు సాగేవి. కొన్నాళ్లకు నేను ఆ సమయానికి మడతపెట్టవలసిన బట్టలు ఒళ్లో వేసుకుని ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాను. "కింది నుంచి మొదలుపెట్టండి" అని ఒక్కసారి చెప్పి, అక్కడి నుంచి బట్టలు మడిచేదాన్ని. బయటికి వెళ్లవలసిన రోజున పావుగంట ముందే లేచేవాళ్లం.