మొండి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలో కఫం కల్చర్ రిపోర్టును చదివే పద్ధతి

టీబీ నయమైన తర్వాత కూడా కొందరి శ్వాసనాళాలు శాశ్వతంగా సాగిపోయి, వాటిలో కఫం నిలిచి, బ్యాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. ఈ జబ్బును బ్రాంకియెక్టాసిస్ అంటారు. మన దేశంలోని 2,195 మంది రోగుల వివరాలతో 2019లో వెలువడిన రిజిస్ట్రీ ఫలితాలలో మూడింట ఒక వంతుకు పైగా రోగులకు గతంలో సోకిన టీబీయే దీనికి కారణమని తేలింది. కల్చర్‌లో, అంటే కఫంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, ఎక్కువగా కనిపించినది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెబుతూ ఇటువంటి రోగి చేతికి అందే సెన్సిటివిటీ రిపోర్టు గురించే ఈ వివరణ.

ముందుగా చూడవలసినది మందుల పట్టిక కాదు, నమూనా నాణ్యత. గ్రామ్ స్టెయిన్ (కఫానికి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) వివరాలలో తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒక్కో ఫీల్డ్‌కు చీము కణాలు 25కు మించి, నోటి పొర కణాలు 10 కంటే తక్కువగా ఉంటే అది లోపలి నుంచి వచ్చిన కఫమే. లెక్క తారుమారైతే పరీక్షించినది ఉమ్మిని. ఉదయాన్నే నోరు పుక్కిలించి, గట్టిగా దగ్గి తీసిన కఫాన్ని, వీలైతే కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, రెండు గంటల లోపు ల్యాబుకు చేర్చాలి.

తర్వాత అక్షరాలు. ఎస్ అంటే మందుకు లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని అర్థం. ఐ దగ్గరే చిక్కు వస్తుంది: అమెరికా ప్రమాణాలను పాటించే ల్యాబులో అది మధ్యస్థం, యూరప్ ప్రమాణాల ప్రకారమైతే 2019 నుంచి దాని అర్థం ‘మోతాదు పెంచితే పనిచేస్తుంది’. కనుక ఏ ప్రమాణాన్ని పాటించారో రిపోర్టులో వెతకండి, లేకపోతే అడగండి. ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస మందు గాఢత) అంకెలున్నప్పుడు, 1 అని ఉన్న మందు 4 అని ఉన్న మందు కంటే మేలని అనుకోకూడదు. ప్రతి మందుకూ దాని హద్దు వేరు.

అయితే ఎస్ అని వచ్చిన మందు వాడినా గుణం కనిపించకపోవడం, ఆర్ అని వచ్చిన మందుతోనే తేరుకోవడం ఈ రోగులలో అరుదేమీ కాదు. ల్యాబులో విడివిడిగా ఉండే బ్యాక్టీరియాను గాలి ఆడే పళ్లెంలో పెంచి పరీక్షిస్తారు; ఊపిరితిత్తిలో అదే సూడోమోనాస్ ప్రాణవాయువు చాలని చిక్కటి శ్లేష్మంలో, బయోఫిల్మ్ అనే జిగురు పొర మాటున దాగి ఉంటుంది. పైగా ఒకే కఫం నుంచి పెరిగిన రెండు కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) ఒకే మందుకు వేర్వేరుగా స్పందించవచ్చు. పీల్చే టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ విషయంలో రిపోర్టు ఇంకా తక్కువ చెబుతుంది; ఆ హద్దులు రక్తంలోకి ఎక్కించే మోతాదును బట్టి నిర్ణయించినవి, శ్వాసనాళాల్లో చేరే మందు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

అందువల్ల ఫలితాన్ని రోగిని చూసే నిర్ణయించాలి. జబ్బు ఉధృతమైనప్పుడు సాధారణంగా ఇచ్చే 14 రోజుల కోర్సులో కఫం రంగు, పరిమాణం, ఆయాసం, జ్వరం రోజూ ఒక పుస్తకంలో రాసుకోండి. తగ్గుముఖం పడుతుంటే మధ్యలో వచ్చిన ఆర్‌ను చూసి మందు మార్చమని పట్టుబట్టనక్కరలేదు. తగ్గకపోతే మళ్లీ కల్చర్‌తో పాటు టీబీ పరీక్ష చేయించాలా అని వైద్యుడిని అడగండి. లెవోఫ్లాక్సాసిన్ వంటి మందులు టీబీని కొంతకాలం అణచి, అది బయటపడటాన్ని ఆలస్యం చేయగలవు. రోజూ కఫం తీసే వ్యాయామాన్ని మానేసి మందులనే తప్పుపట్టేవారు ఎక్కువ. నా దృష్టిలో మొదట సరిదిద్దవలసినది అదే.

రిపోర్టును గట్టిగా నమ్మవలసిన చోటు కూడా ఒకటుంది: టీబీయేతర మైకోబ్యాక్టీరియా, అంటే టీబీ క్రిమి కుటుంబానికే చెందినా టీబీని కలిగించని బ్యాక్టీరియా. వీటిలో ఏవియం కాంప్లెక్స్ జాతిలో క్లారిత్రోమైసిన్, అమికాసిన్ ఫలితాలే చికిత్స ఫలితంతో సరిపోలుతాయి. రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ ఫలితాలకు అంత విలువ లేదు. ఆబ్సెసస్ జాతి అయితే క్లారిత్రోమైసిన్ ఫలితాన్ని 14వ రోజు వరకూ వేచి చూడాలి, ఎందుకంటే మొదట లొంగినట్టు కనిపించిన బ్యాక్టీరియాలో మందు తగిలిన తర్వాతే నిరోధకత మేల్కొనవచ్చు. ఉధృతులు తరచుగా వస్తున్నాయని దీర్ఘకాలం అజిత్రోమైసిన్ రాసేటప్పుడు, ముందుగా కఫంలో ఈ మైకోబ్యాక్టీరియా లేదని నిర్ధారించుకోవాలి. ఉండగా ఆ ఒక్క మందే వాడితే, తర్వాతి చికిత్సకు ఆధారమైన మందే పనికిరాకుండా పోతుంది.