పండుగ సంతలో చేతిపని వస్తువులు అమ్మేవారికి: తయారీ నుంచి చివరి రోజు లెక్క వరకు

పండుగకు ముందు కొద్ది రోజులు మాత్రమే నడిచే సంతలో అమ్మకం, ఏడాది పొడుగునా దుకాణంలో జరిగే అమ్మకం లాంటిది కాదు. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది తమ కోసం కాక మరొకరికి కానుక ఇవ్వడానికి కొంటారు, పైగా ఆ కానుక ఫలానా తేదీలోపు చేతికి అందాలి. చేతిపనికేమో దాని సొంత గడువులు ఉంటాయి. మట్టి ఆరేదాకా, మైనం గట్టిపడేదాకా, నూనె ఇంకేదాకా ఆగక తప్పదు. అందువల్ల సంత తేదీని కాగితం మీద రాసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావడమే ఈ పనిలో మొదటి మెట్టు.

కాస్టిక్ సోడాతో, ఉడికించకుండా చేసే సబ్బు అచ్చులోంచి తీసిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు గాలి తగిలేలా ఆరాలి. ఆ వ్యవధిలో అందులోని నీరు తగ్గి, సబ్బు గట్టిపడి, త్వరగా అరిగిపోకుండా ఉంటుంది. సోయా మైనంతో చేసే సువాసన కొవ్వొత్తులకు ఒకటి రెండు వారాలు విరామమిస్తే వాసన బాగా నిలుస్తుంది. కుండపనిలో పచ్చి పాత్ర మందాన్ని బట్టి, గాలిలోని తేమను బట్టి వారం నుంచి రెండు వారాలు ఆరవలసి వస్తుంది. లోపల తడి మిగిలిన పాత్రను బట్టీలో పెడితే 100 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఆ నీరు ఆవిరై పాత్రనే పగలగొడుతుంది. మొదటి కాల్పు, గ్లేజ్ (కాల్చినప్పుడు గాజులా మారే పై పొర) పూత, రెండో కాల్పు, ప్రతిసారీ బట్టీ పూర్తిగా చల్లారడం, ఇవన్నీ కలిపితే ఒక్కో విడతకు నెల రోజులు కేటాయించుకోవడం క్షేమం. అవిసె నూనె పూసిన చెక్క వస్తువు కొద్ది రోజుల్లో చేతికి అంటకుండా తయారైనా, నూనె లోపలిదాకా గట్టిపడడానికి వారాలు పడుతుంది. నీలిమందుతో అద్దిన బట్టను పలుమార్లు ఉతికి, తెల్లని గుడ్డతో రుద్ది, రంగు అంటడం లేదని చూసుకున్న తర్వాతే మడత పెట్టాలి. ఈ గడువులకు అదనంగా ఒక వారం చేర్చుకోండి. పగిలినవి, రంగు సరిగా రానివి మళ్లీ చేయవలసి వచ్చినప్పుడు ఆ వారమే ఆదుకుంటుంది.

ఎన్ని వస్తువులు చేయాలన్న ప్రశ్నకు ఆశ కంటే గడియారం మంచి జవాబు చెబుతుంది. ఒక వస్తువును మొదలు నుంచి చివరిదాకా చేసి, పట్టిన సమయం రాసుకోండి. తర్వాత అదే వస్తువును పదింటిని ఒకే విడతగా, అంటే పదింటికీ ఒకేసారి కత్తిరింపు, ఆ తర్వాత పదింటికీ కుట్టు అన్న వరుసలో చేసి చూడండి. రెండో పద్ధతిలో ఒక్కోదానికి పట్టే సమయం గణనీయంగా తగ్గుతుంది, పనితనమూ నిలకడగా ఉంటుంది. ముప్పై రకాలు రెండేసి చొప్పున తెచ్చేవారి కంటే, ఏడెనిమిది రకాలను తగినన్ని రంగుల్లో, పరిమాణాల్లో తెచ్చేవారి బల్ల ముందు కొనేవారు త్వరగా ఒక నిర్ణయానికి వస్తారు.

సంతను ఎంచుకునేటప్పుడు నిర్వాహకులను మొహమాటం లేకుండా అడగవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇతరుల దగ్గర టోకుగా కొని తెచ్చిన యంత్ర సరుకును అనుమతిస్తారా? ఒకే రకం వస్తువు అమ్మే స్టాళ్లు ఎన్ని ఉంటాయి? కరెంటు, పైకప్పు, రాత్రి కాపలా ఎవరి బాధ్యత? మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. చేత్తో నేసిన శాలువ పక్కన, చూడడానికి దాదాపు అలాగే ఉండే మిల్లు శాలువను నాలుగో వంతు ధరకు అమ్మనిచ్చే సంతలో తయారీదారుకు న్యాయం జరగదు; అలాంటి చోట స్టాల్ అద్దె తక్కువైనా వెళ్లకపోవడమే మేలు. అద్దెకు పది రెట్లు అమ్మకం జరిగితే ఆ సంత గిట్టుబాటైనట్టు చాలామంది చేతిపనివారు లెక్క కడతారు. అది నియమం కాదు గానీ, దరఖాస్తు నింపే ముందు వేసుకోవలసిన మంచి అంచనా. పేరున్న సంతలు నెలల ముందే దరఖాస్తులు తీసుకుంటాయి, వస్తువుల ఫొటోలు చూసి ఎంపిక చేస్తాయి. కాబట్టి పగటి వెలుతురులో, సాదా నేపథ్యం మీద తీసిన స్పష్టమైన ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి.

ధర నిర్ణయించడంలోనే చేతిపనివారు తమకు తాము ఎక్కువ అన్యాయం చేసుకుంటారు. ముడిసరుకు ఖర్చును అణాపైసలతో లెక్కించి, తమ గంటలను మాత్రం వదిలేస్తారు. ఒక బట్ట సంచి ఉదాహరణగా తీసుకుందాం. కత్తిరించి కుట్టడానికి మూడు గంటలు పడుతుందనుకుంటే, బట్ట కొనుగోలు, ఇస్త్రీ, చీటీ కట్టడం, ప్యాకింగ్ కలిపి ఒక్కో సంచికి మరో అరగంట వేసుకోవాలి. రెండు రోజుల సంతలో రోజుకు పది గంటల చొప్పున స్టాల్‌లో నిలబడే ఇరవై గంటలూ పని గంటలే; నలభై సంచులు అమ్ముడవుతాయనుకుంటే ఒక్కోదాని మీద ఇంకో అరగంట పడుతుంది. అంటే మూడు గంటల సంచి నిజానికి నాలుగు గంటల సంచి. ఆ నాలుగు గంటల కూలికి ముడిసరుకు ఖర్చు, తరుగు, పనిముట్ల అరుగుదల, స్టాల్ అద్దెలోనూ రవాణాలోనూ దాని వాటా కలిపితే కనీస ధర వస్తుంది. అద్దెను పంచేటప్పుడు తెచ్చిన సరుకంతటికీ కాకుండా, తప్పక అమ్ముడవుతుందని నమ్మకమున్న సంఖ్యకే పంచాలి. ఇలా వచ్చిన ధరకు ఎవరూ కొనరనిపిస్తే కూలి తగ్గించుకోవద్దు. ఆ వస్తువు తయారీని సులువు చేయగలరేమో చూడండి, లేదా దానిని ఈ సంతకు తేవడం మానండి.

కానుకలు కొనేవారి చేతిలో చాలావరకు ఒక ఖచ్చితమైన బడ్జెట్ ఉంటుంది. అందువల్ల ఆలోచించకుండా తీసుకోగల చిన్న వస్తువులు, ఆప్తులకు ఇవ్వదగిన మధ్యరకం, అపురూపమైన పెద్ద పని ఒకటి రెండు, ఈ మూడూ బల్ల మీద ఉండాలి. పెద్ద పని అమ్ముడవకపోయినా మీ నైపుణ్యం ఎంతదో దూరం నుంచే చూపిస్తుంది. ప్రతి వస్తువుకూ ధర కనిపించేలా చీటీ కట్టండి. ధర అడగడానికి మొహమాటపడి మెల్లగా తప్పుకునేవారు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ.

స్టాల్ అమరికను ఇంట్లోనే, నేల మీద సరిగ్గా ఆ కొలతకు గీత గీసుకొని, ఒకసారి పూర్తిగా పేర్చి చూసుకోవాలి. వస్తువులన్నీ బల్ల మీద చదునుగా పరిస్తే నడిచివెళ్లేవారికి ఏదీ కంటపడదు. వెనుక వరుసను చెక్క పెట్టెలతోనో మెట్లతోనో కంటి ఎత్తుకు తీసుకురండి. సాయంత్రం సంతలకు 3000 కెల్విన్ (దీపం వెలుగు రంగును తెలిపే కొలత) దరిదాపుల్లో పసుపు ఛాయ గల వెచ్చని వెలుగునిచ్చే, రంగులను ఉన్నవున్నట్టు చూపే ఎల్‌ఈడీ దీపాలు నేత బట్టలకూ కుండలకూ బాగా నప్పుతాయి. ఆరుబయట గుడారం వేస్తే ఒక్కో కాలికి దాదాపు 18 కిలోల బరువు కట్టాలి, ఎందుకంటే ఒక్క ఈదురుగాలికి మన సరుకే కాదు, పక్కవారి సరుకూ పాడవుతుంది. నగలు అమ్మేవారు అద్దం మరచిపోకూడదు.

మరొకరికి ఇచ్చే వస్తువు గురించి కొన్నవారు వివరించలేకపోవచ్చు, కాబట్టి ఆ వివరాన్ని చిన్న చీటీయే మోయాలి. దేనితో చేశారు, ఎలా ఉతకాలి లేదా తుడవాలి, గిన్నె అయితే తినే పదార్థాలకు పనికివచ్చే గ్లేజేనా, చెవిపోగులైతే నికెల్ ఉందా లేదా అన్నవి తప్పకుండా రాయండి. నికెల్ పడని చర్మం చాలామందికి ఉంటుంది. ఊడివచ్చే చిన్న భాగాలున్న బొమ్మలు మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే అవి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. తేలిగ్గా విప్పదీయగల ధర చీటీ, సాదా కాగితంతో అక్కడికక్కడే చక్కని చుట్టు, పండుగ తర్వాత మార్చుకునే వీలు: ఈ మూడింటినీ కానుక కొనేవారు నిజంగా విలువైనవిగా భావిస్తారు.

స్టాల్‌లో ఫోన్ చూస్తూ కూర్చోవడం కంటే, నడుస్తున్న పని ఏదైనా చేతిలో ఉంచుకొని నిలబడడం మంచిది. సగం అల్లిన బుట్టను చూసినవారు తామే ఆగి అడుగుతారు, ఆ మాటల్లోనే ధరకు కారణం వారికి అర్థమవుతుంది. బేరమాడేవారిపై చిరాకు పడనక్కరలేదు. ఎన్ని గంటల పనో చెప్పి, తక్కువ ధరలో ఉన్న మరో వస్తువు చూపించండి. చివరి రోజు సాయంత్రం సగం ధరకు ఇచ్చేయాలన్న తొందర మాత్రం వద్దు. మొదటి రోజు పూర్తి ధర పెట్టి కొన్నవారికి అది అవమానం, పైగా వచ్చే ఏడాది అందరూ ఆఖరి రోజు కోసమే కాచుకుంటారు.

చిల్లర, డిజిటల్ చెల్లింపు ఏర్పాటు, ఫోన్‌కు అదనపు బ్యాటరీ ముందురోజే సర్దుకోండి. అమ్మకాలపై పన్ను, అనుమతుల నిబంధనలు ప్రాంతాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని నిర్వాహకుల దగ్గరే తెలుసుకోవాలి. ఆర్డర్లు తీసుకుంటే, పండుగలోపు ఇవ్వగలిగిన సంఖ్యను ముందే నిర్ణయించుకొని, అది నిండగానే మర్యాదగా కాదనాలి.

ప్రతి అమ్మకాన్నీ రకం, రంగు, వేళ సహా ఒక పుస్తకంలో రాయండి. కొనకుండా వెళ్లినవారు ఏమడిగారో కూడా రాయండి; వచ్చే సంతకు ఏం చేయాలో ఆ పేజీల్లోనే ఎక్కువ దొరుకుతుంది. సంత ముగిసిన వారంలోపు మిగిలిన సరుకు లెక్కపెట్టి, గంటల కూలితో సహా ఎంత మిగిలిందో తేల్చుకొని, ఆ సంతకు మళ్లీ దరఖాస్తు చేయాలో లేదో అప్పుడే నిర్ణయించుకోవాలి.