ఎండలు ముదరకముందే పాత క్యాంపర్ వ్యాన్ ఇంజిన్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత మారుతి ఓమ్నీకో, మేటడోర్‌కో వెనుక పడకలు, గ్యాస్ పొయ్యి అమర్చుకుని కుటుంబ ప్రయాణాలకు వాడుకునేవారు వేసవి సెలవులకు ముందే కొన్ని పరీక్షలు చేసుకోవాలి. చల్లని ఉదయం చక్కగా లాగిన బండి మధ్యాహ్నం ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఉన్నట్టుండి పికప్ కోల్పోయి, చెట్టు నీడన కాసేపు ఆపితే మళ్లీ మామూలుగా నడుస్తుంటే ఆ పరీక్షలను అసలు వాయిదా వేయకూడదు. ఇలాంటి బండి మెకానిక్ షెడ్డుకు వెళ్లేసరికి బాగానే నడుస్తుంది. లోపం కంటికి కనబడదు కాబట్టి ప్లగ్గులు, వాటికి అధిక వోల్టేజి ఇచ్చే కాయిల్, గాలిలో పెట్రోల్ కలిపే కార్బొరేటర్ కిట్ ఒకదాని తర్వాత ఒకటి మారుస్తారు. అసలు కారణం మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఏ విడిభాగమూ కొనకముందు, లోపం ఏ పరిస్థితిలో వస్తోందో, ఏం చేస్తే పోతోందో తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అందుకు బండిలో ఒక చిన్న పుస్తకం ఉంచండి. లోపం వచ్చినప్పుడు ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది, టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఉంది, ఏ గేరులో ఎంత వేగంతో వెళుతున్నారు, రోడ్డు ఎత్తా సమమా, ఆపిన తర్వాత ఎంతసేపటికి తేరుకుంది అనే వివరాలను నడిపేవారు కాకుండా పక్కన కూర్చున్నవారు రాయాలి. శక్తి తగ్గిన తీరును కూడా రాయడం అవసరం. ఇంజిన్ మెల్లగా నీరసించి, యాక్సిలరేటర్ వదిలితే కొంత కోలుకుని, తొక్కితే మళ్లీ పడిపోతుంటే ఇంధనం చాలినంత అందడం లేదని అనుమానించాలి. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగి, కుదుపుతో మళ్లీ అందుకుంటే ముందుగా ఇగ్నిషన్ వైపు, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే భాగాల వైపు చూడాలి. ఈ ఒక్క తేడా గమనిస్తే వెతకవలసిన చోట్లు సగానికి తగ్గుతాయి.

ఇంధనం వైపు పరీక్షను ట్యాంకు మూత దగ్గర ప్రారంభించండి. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోతే, పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ లోపల పీడనం తగ్గి పంపు లాగలేకపోతుంది. బండి నీరసించగానే సురక్షితంగా పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి మూత తెరిచినప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపించి, ఆ వెంటనే బండి బాగా నడిస్తే కారణం దాదాపు దొరికినట్టే. అలా కాకుండా ఆపిన కొద్ది నిమిషాలకు దానంతట అదే తేరుకుంటుంటే ట్యాంకు అడుగున చేరిన తుప్పు, మడ్డి గురించి ఆలోచించాలి. పంపు లాగుతున్నంతసేపూ ఆ చెత్త పైపు మూతికి అంటుకుని ఉంటుంది, ఇంజిన్ ఆగగానే విడిపోయి కిందికి జారుతుంది. ఫిల్టర్ మార్చిన కొద్ది రోజులకే మళ్లీ నల్లబడుతుంటే, ఫిల్టర్ మీద ఫిల్టర్ మార్చడం మాని ట్యాంకు దింపించి కడిగించడమే సరైన పని.

పాత బండ్ల యజమానులు రబ్బరు పైపులపై ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ సర్వసాధారణమైంది. దానికి తగినట్టు తయారుకాని పాత రబ్బరు ఉబ్బి, లోపలి పొర మెత్తబడి ఊడవచ్చు. పైకి బాగానే కనబడే పైపు లోపల ఇరుకై, ఎక్కువ పెట్రోల్ కావలసిన ఎత్తుల మీద మాత్రమే ఇబ్బంది పెడుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి సముద్ర తీరపు తేమలో నెలల తరబడి కదలని వ్యాన్‌లో అడుగున నీటి పొర ఏర్పడే ప్రమాదం కూడా ఉంది. ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోల్‌ను గాజు సీసాలోకి తీసి కదలకుండా ఉంచితే రెండు పొరలు విడిగా కనబడతాయి. పైపులన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించి, క్లిప్పులు కూడా కొత్తవి వేయించండి. ఈ ఖర్చులో పొదుపు చేయవద్దు.

ఇక వేడి సంగతి. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో మన జిల్లాల్లో 43, 44 డిగ్రీల ఎండ కొత్త కాదు. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి, ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదులుతున్నప్పుడు ఆ వేడి బయటికి పోయే వీలు తక్కువ. కార్బొరేటర్ ఉన్న పాత బండ్లలో పంపు, పైపులు బాగా కాలి, లోపలి పెట్రోల్ ఆవిరైతే పంపు ఆ ఆవిరిని సరిగా నెట్టలేదు. ఒకప్పుడు అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే. అది దారిలో పనికొచ్చే ఉపాయం, నీళ్లు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మీద పడకుండా చూస్తే పరీక్షగా కూడా ఉపయోగపడుతుంది. తడిగుడ్డతో వెంటనే తేరుకుంటే పైపును సైలెన్సర్‌కు దూరంగా మళ్లించి, ఊడిపోయిన వేడి రక్షణ రేకులను తిరిగి బిగించాలి.

ఇగ్నిషన్‌లో వేడెక్కితే పాడై, చల్లబడితే పనిచేసే భాగాలు ప్రధానంగా కాయిల్, కండెన్సర్, ఎలక్ట్రానిక్ మాడ్యూల్. వీటిని చల్లని ఇంజిన్ మీద పరీక్షించి బాగున్నాయని తేల్చడం వల్ల ప్రయోజనం లేదు. కాయిల్ ప్లస్ దగ్గర నుంచి ఫ్యూజు ఉన్న వైరును క్యాబిన్‌లోకి తెచ్చి వోల్ట్‌మీటర్ కలపండి. బండి మొరాయించిన క్షణంలో వోల్టేజి పడిపోతే ఇగ్నిషన్ స్విచ్, కనెక్టర్లు, వైర్లు చూడాలి. వోల్టేజి స్థిరంగా ఉంటే కాయిల్ నుంచి ప్లగ్గుల వరకు వెతకాలి. మైపాడు, కొత్తపట్నం వంటి తీరప్రాంతాలకు తరచూ వెళ్లే బండ్లలో ఉప్పుగాలికి ఎర్త్ కనెక్షన్లు తొందరగా తుప్పు పడతాయి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రెండు ఎర్త్ వైర్లనూ విప్పి, మెరిసేదాకా గీకి బిగించడానికి పైసా ఖర్చు ఉండదు.

మిగతావి త్వరగా తేలిపోతాయి. ప్రయాణం తర్వాత ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది. ఇంజిన్ వేగం పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. మేటడోర్ వంటి డీజిల్ బండ్లలో ట్యాంకుకూ పంపుకూ మధ్య సన్నని లీకు ద్వారా గాలి దూరినా, డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే రకంగా శక్తి తగ్గుతుంది. పదే పదే గాలి తీయించుకోవడం కన్నా, అది ఏ జాయింటు దగ్గర దూరుతోందో పట్టుకోవడం మేలు.

ఈ పరీక్షలన్నిటిలో పెట్రోల్ బయట పడే అవకాశం ఉంది కాబట్టి, ముందుగా గ్యాస్ సిలిండర్ కట్టేసి వ్యాన్ నుంచి దింపి దూరంగా పెట్టండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది, గుంతల్లోనూ ఫ్లోర్ మీదా నిలిచి ఉంటుంది. అందువల్ల ఆరుబయట పని చేయాలి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, పొడి రకం మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోవాలి. వోల్ట్‌మీటర్ పరీక్షకు బ్యాటరీ తిరిగి కలిపే ముందు ఎక్కడా పెట్రోల్ తడి లేదని నిర్ధారించుకోవాలి. పైపు నోట పెట్టుకుని పెట్రోల్ లాగే అలవాటును మాత్రం పూర్తిగా మానండి, మానిపించండి. అది ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాపాయం. పొరపాటున మింగినవారిని వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఒక మార్పు చేశాక, రెండో మార్పు చేయకముందే లోపం వచ్చిన అదే బరువుతో, అదే ఎండలో మళ్లీ నడిపి చూడండి. ఆ పరీక్ష ఊరికి దగ్గరగా జాతీయ రహదారి మీద, ఆపడానికి చోటున్న వైపు జరగాలి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు ఇందుకు తగినది కాదు. సుమారు 50 కిలోమీటర్ల ఆ దారి పులుల అభయారణ్యం గుండా సాగుతుంది, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, రాత్రి వేళ అటవీ శాఖ గేట్లు మూసివేస్తారు. పుస్తకంలో రాసుకున్న లోపం మధ్యాహ్నపు ఎండలో, పూర్తి బరువుతో చేసిన పరీక్షల్లో తిరిగి రాలేదని నమ్మకం కుదిరాకే పిల్లలనూ పెద్దలనూ ఎక్కించుకుని, తెల్లవారుజామున శ్రీశైలానికి బయలుదేరి, గేటు తీసే సమయానికి దోర్నాల చేరేట్టు ప్రయాణం పెట్టుకోండి.