రాతిలో లేశ లోహాల కొలత – 4వ పాఠం: యంత్రం చూపే అంకె నుంచి రాతి అంకెకు

పోయిన పాఠంలో రాతిపొడిని హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలతో టెఫ్లాన్ గిన్నెలో కరిగించాం. ఆరబెట్టి, పలుచని నైట్రిక్ ఆమ్లంలోకి తీసుకుని, 250 మిల్లీలీటర్లకు నింపాం. ఈసారి ఆ ద్రావణాన్ని ఐసీపీ-ఎంఎస్‌కు (ద్రావణాన్ని ప్లాస్మా అనే అతివేడి వాయువులో అయాన్లుగా మార్చి, వాటిని బరువును బట్టి లెక్కపెట్టే యంత్రానికి) ఇచ్చి, వచ్చిన అంకెను రాతి అంకెగా మారుద్దాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఈ పాఠం చదివితే రాదు, లెక్క వేస్తేనే వస్తుంది.

యంత్రానికి రాయి సంగతి తెలియదు, దానికి అందేది ద్రావణమే. మనం తూచిన పొడి 0.0500 గ్రాములు, ద్రావణం 250 మిల్లీలీటర్లు. 250ని 0.05తో భాగిస్తే 5000. ఇదే మన పలుచన గుణకం. ద్రావణంలో మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కనిపిస్తే, రాతిలో గ్రాముకు 5000 నానోగ్రాములు, అంటే 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) ఉన్నట్టు. ఇంత పలుచన ఎందుకంటారా? ద్రావణంలో కరిగిన పదార్థం 0.2 శాతం దాటితే యంత్రంలోకి అయాన్లు వెళ్లే లోహపు కోన్ల సన్నటి రంధ్రాల దగ్గర ఉప్పు పేరుకుంటుంది. మనది 0.02 శాతం దాటదు.

అయినా సిగ్నల్ నిలకడగా ఉండదు. ఉదయం కాలిబ్రేషన్ చేసినప్పుడు, అంటే తెలిసిన ద్రావణాలతో యంత్రాన్ని సరిచూసినప్పుడు, ఉన్న సున్నితత్వం మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. అందుకే ప్రతి ద్రావణంలో, స్టాండర్డ్‌లోనూ (మోతాదు తెలిసిన ద్రావణం) బ్లాంక్‌లోనూ (రాతిపొడి లేకుండా అవే ఆమ్లాలతో చేసిన ద్రావణం) కూడా, 250కి నింపేముందే ఒకే మోతాదులో రోడియం కలుపుతాం. 1 పీపీఎం రోడియం ద్రావణం 5 మిల్లీలీటర్లు పోసి 250కి నింపితే మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు. మామూలు రాళ్లలో రోడియం లేనట్టే లెక్క. పైగా దానికి ప్రకృతిలో ఉన్నది 103 అనే ఒక్క ఐసోటోపే. కాబట్టి రోడియం ఎంత పడిపోయిందో చూస్తే మిగతా మూలకాలు ఎంత పడిపోయాయో అంచనా దొరుకుతుంది.

ఇప్పుడు లెక్క. కాలిబ్రేషన్ వేళ రోడియం కౌంట్లు సెకనుకు 4,00,000 అనుకుందాం. మన నమూనా దగ్గరికి వచ్చేసరికి 3,60,000. అంటే 0.90 వంతు. సీరియం 140 దగ్గర యంత్రం మిల్లీలీటరుకు 6.68 నానోగ్రాములు చూపింది. 6.68ని 0.90తో భాగిస్తే 7.42. ఇదే విధంగా సరిచేసిన బ్లాంక్‌లో 0.01 ఉంది, తీసేస్తే 7.41. దాన్ని 5000తో గుణిస్తే రాతిలో గ్రాముకు 37,050 నానోగ్రాములు, అంటే 37.05 పీపీఎం.

ఈ అంకెను నమ్మవచ్చా? ఈ లెక్కలోని నమూనాను బీహెచ్‌వీఓ-2 అనుకోండి. అది అమెరికా భూగర్భ సర్వే తయారుచేసిన ప్రామాణిక బసాల్ట్ పొడి. 1919లో హవాయిలో హలెమౌమౌ బిలం నుంచి పొంగిన లావాతో చేసింది. దాని సీరియం విలువ సుమారు 37.5 పీపీఎం. మనకు ఒక శాతం చిల్లర తేడా వచ్చింది. మంచి ఫలితం. నమూనాల మధ్యలో ఇలాంటి ప్రామాణిక రాయి లేని పట్టికను నేను చదవను, మీరూ ఎవరికీ ఇవ్వకండి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది, కాస్త ఆగుదాం. నేను మొదటిసారి హైదరాబాద్ గ్రానైట్‌ను మూత తెరిచిన గిన్నెలో కరిగించినప్పుడు ద్రావణం నీళ్లలా తేటగా కనిపించింది. పక్కనే పెట్టిన బసాల్ట్ ప్రామాణికానికి అన్ని అంకెలూ సరిగ్గా వచ్చాయి. గ్రానైట్‌లో జిర్కోనియం మాత్రం అదే పొడిని ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో (పొడిని కరిగించకుండానే ఎక్స్-కిరణాలతో కొలిచే యంత్రం) కొలిచినదానికంటే బాగా తక్కువ. కారణం జిర్కాన్ అనే జిర్కోనియం ఖనిజం. కంటికి ఆనని ఆ గింజలు తెరిచిన గిన్నెలో ఆమ్లానికి లొంగవు. జిర్కోనియం, హాఫ్నియంతోపాటు బరువైన అరుదైన మృత్తికా లోహాలనూ కొంత తమలోనే దాచుకుంటాయి. బసాల్ట్‌లో జిర్కాన్ దాదాపు ఉండదు కాబట్టి ఆ ప్రామాణికం ఈ తప్పును పట్టలేదు. గ్రానైట్‌కు తోడు గ్రానైటే ఉండాలి. రోడ్ ఐలాండ్‌లోని వెస్టర్లీ గ్రానైట్‌తో చేసిన జీ-2 అలాంటిది. దాని జిర్కోనియం దాదాపు 309 పీపీఎం. మీకు అందులో సగమే వస్తే తప్పు యంత్రానిది కాదు, గిన్నెది.

దీనికి మందు రెండు రకాలు. ఉక్కు తొడుగులో బిగించిన టెఫ్లాన్ పాత్రలో 190 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచడం ఒకటి. లిథియం మెటాబొరేట్‌తో సుమారు 1000 డిగ్రీల దగ్గర కరిగించి గాజుగా మార్చి, దాన్ని ఆమ్లంలో కలపడం రెండోది. రెండోదానిలో లిథియం, బోరాన్ యంత్రంలో చాలాసేపు మిగిలిపోతాయి, ఉప్పు బరువూ పెరుగుతుంది. ఇంకా పలచన చేయాలి. నేనైతే ముందు మూసిన పాత్రనే ఎంచుకుంటాను. ఏది ఎంచుకున్నా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తీసిన రోజు ఆ ఆమ్లం కాల్చిన చోట పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేంత దూరంలో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

అభ్యాసం: ఈసారి బీహెచ్‌వీఓ-2 పొడి 0.0520 గ్రాములు తూచారు, 250 మిల్లీలీటర్లకే నింపారు. రోడియం 4,00,000 నుంచి 3,80,000కు దిగింది. బేరియం 25.75 చూపింది, సరిచేసిన బ్లాంక్ 0.05. రాతిలో బేరియం ఎంత? గుణకం 5000 కాదని మరచిపోకండి. 130కి దగ్గరగా రాకపోతే మొదటి నుంచి వేయండి. ఆ జవాబును నోట్‌బుక్‌లో ఉంచుకోండి. ప్లాస్మాలో బేరియం 137 ఆక్సిజన్ 16తో జతకట్టి 153 అవుతుంది, యూరోపియం ఐసోటోపు కూర్చునేదీ అక్కడే. వచ్చే పాఠంలో ఆ రెంటినీ విడదీయడానికి ఈ అంకె కావాలి.