ఫోల్డర్ ఎంచుకునే డైలాగ్ మార్చడం: నా అనుభవం

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8లో విన్‌ఫార్మ్స్ (విండోస్ డెస్క్‌టాప్ యాప్‌లు రాసే మైక్రోసాఫ్ట్ సాధనం) యాప్. ఫోల్డర్‌బ్రౌజర్‌డైలాగ్ తెరిస్తే అదే పాతకాలపు చిన్న విండో. పాత్ పేస్ట్ చేద్దామంటే అడ్రస్ బార్ కూడా ఉండదు. దాని డిస్క్రిప్షన్ (విండోలో కనిపించే వివరణ) మార్చడం, సెలెక్టెడ్‌పాత్ (ముందే ఎంచుకున్న పాత్) ఇవ్వడం, ఫైల్ ఎంచుకునే ఓపెన్‌ఫైల్‌డైలాగ్‌లో ఉత్తుత్తి ఫైల్ పేరు పెట్టడం, ఏదీ కుదరలేదు.

పనిచేసింది విస్టా నుంచి విండోస్‌లో ఉన్న ఐఫైల్‌ఓపెన్‌డైలాగ్. ముందు ఆ కామ్ (వేరే భాషల్లో రాసిన విండోస్ భాగాలను మన కోడ్ నుంచి పిలిచే పద్ధతి) ఇంటర్‌ఫేస్‌ను సీ షార్ప్‌లో డిక్లేర్ చేశాను. మెథడ్‌ల వరుస విండోస్ హెడర్‌లో (ఆ ఇంటర్‌ఫేస్ అసలు నిర్వచనం ఉన్న ఫైల్‌లో) ఉన్నట్టే ఉండాలి, మనం వాడనివైనా వదిలేయకూడదు. తర్వాత గెట్‌ఆప్షన్స్ పిలిచి, వచ్చిన విలువకు పిక్‌ఫోల్డర్స్ ఫ్లాగ్ (హెక్స్‌లో 20) ‘ఆర్’ చేసి (అంటే పాత ఫ్లాగ్‌లను ఉంచుతూనే దీన్ని కలిపి) సెట్‌ఆప్షన్స్‌కి ఇచ్చాను. ముందే ఉన్న ఫ్లాగ్‌లు పోకూడదు కదా! సెట్‌ఓకేబటన్‌లేబుల్‌తో బటన్ మీద ‘ఇక్కడే సేవ్ చేయి’ అని తెలుగులోనే రాశాను.

మొదట కనిపించే ఫోల్డర్‌ను సెట్‌ఫోల్డర్‌తోనే ఇవ్వాలి. సెట్‌డిఫాల్ట్‌ఫోల్డర్ వాడితే, యూజర్ ఇంతకుముందు తెరిచిన ఫోల్డర్‌దే పైచేయి. చివరగా డైలాగ్‌ను తెరిచే షో మెథడ్. దానికి ప్రిజర్వ్‌సిగ్ (ఎర్రర్ కోడ్‌ను ఎక్సెప్షన్‌గా మార్చకుండా నేరుగా తిరిగిచ్చే గుర్తు) పెట్టండి, లేదంటే క్యాన్సిల్ నొక్కగానే ఎక్సెప్షన్ వచ్చి పడుతుంది.

నేను చూసింది విండోస్ 10, 64 బిట్ బిల్డ్‌లో మాత్రమే. మీ దగ్గర కొంచెం తేడా ఉండొచ్చు. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచైతే ఫోల్డర్‌బ్రౌజర్‌డైలాగే కొత్త రూపంలో వస్తుంది, కొత్త విండో ఒక్కటే కావాలనుకునేవాళ్లకు ఇంత తంటా అక్కర్లేదు.