పాత అంబాసిడర్‌తో మే నెలలో అరకు ఘాట్ ఎక్కుతున్నారా? ముందు ఇవి చూడండి

విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా వెళ్లేవాళ్ల కోసం.

- టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్తే "ఇంకో రెండు మలుపులే కదా" అని లాగొద్దు. వేడికి హెడ్ (ఇంజన్ పైభాగం) వంగిందా, ఇంజన్ విప్పాల్సిందే, జేబు ఖాళీ.

- వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు, లోపలి ప్రెషర్‌కి మరిగే నీళ్లు మొహం మీదకే చిమ్ముతాయి.

- రేడియేటర్‌లో బోరు నీళ్లు వద్దు. దాని సన్నటి గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి.

- ఫ్యాన్ బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి, మరీ వదులైతే జారుతుంది, ఫ్యానూ వాటర్ పంపూ రెండూ నెమ్మదిస్తాయి.

- పెట్రోల్ పైపు సైలెన్సర్ మానిఫోల్డ్‌కి (ఇంజన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టం) దగ్గరగా ఉంటే కాస్త జరిపి కట్టండి, లేదంటే ఆ వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరైపోయి పంపు లాగలేదు, బండి ఘాట్ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారేదాకా ఆగడమే, ఊరికే సెల్ఫ్ కొట్టి బ్యాటరీ చంపకండి.

- రేడియేటర్ ముందు అదనపు హారన్లు, బొమ్మలు ఉంటే తీసేయండి. గాలి ఆడాలి.